బేబీ సీరియల్‌లో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం: పిల్ల ఒంట్లోకి రోజుకి ఎంత పోతోందో లెక్కేసుకోవడం ఎలా

ఆరో నెల నిండింది, సీరియల్ మొదలుపెట్టాం, ఆ వారమే ఎవరో ఒక టెస్ట్ రిపోర్ట్ పంపించారు, దాంట్లో ఆర్సెనిక్ 80 పీపీబీ అని ఉంది, ఇప్పుడు పెట్టాలా మానేయాలా? ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒకటే, మీ పిల్ల రోజుకి ఎన్ని గ్రాములు తింటోంది, ఎంత బరువుంది అని. ఆ రెండూ తెలియకుండా 80 అనే నంబర్‌ని చూసి భయపడటానికీ లేదు, పర్లేదులే అనుకోవడానికీ లేదు. డబ్బాలో ఎంత ఉందన్నది సగం లెక్కే, మిగతా సగం మీ వంటింట్లోనే ఉంది, ఆ సగం ఎవరికి వాళ్లు కొలుచుకోవాల్సిందే.

ముందు పీపీబీ అంటే ఏంటో చూద్దాం, ఇక్కడే చాలామంది తడబడతారు. 1 పీపీబీ అంటే కిలో పొడిలో 1 మైక్రోగ్రాము. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. కొన్ని రిపోర్టుల్లో కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు, అప్పుడు 0.08 అని ఉంటే అదీ ఇదే 80 పీపీబీ, దాన్ని వెయ్యితో గుణిస్తే సరిపోతుంది. లెక్క మొత్తం ఈ ఒక్క లైన్లోనే ఉంది:

పీపీబీ × రోజుకి తినే పొడి (కిలోల్లో) ÷ పిల్ల బరువు (కిలోల్లో) = కిలో బరువుకి రోజుకి ఇన్ని మైక్రోగ్రాములు

పెద్దవాళ్లకి పట్టించుకోనక్కర్లేని మోతాదు పసివాళ్లకి ఎందుకు లెక్కలోకి వస్తుందంటే, వాళ్లు బరువుకి తగ్గట్టు చూస్తే మనకంటే చాలా ఎక్కువ తింటారు, పైగా తినేది ఒకటి రెండు రకాలే. మూడేళ్లలోపు పిల్లలకి తిండి ద్వారా అందే ఇనార్గానిక్ ఆర్సెనిక్ (ఆర్సెనిక్‌లో ఎక్కువ హాని చేసే రూపం), కిలో బరువు లెక్కన పెద్దవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఉంటుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్ఎస్ఏ 2009లోనే చెప్పింది. సీసం సంగతి ఇంకా దారుణం, మనం తిన్న సీసంలో సుమారు పదో వంతు ఒంట్లోకి వెళ్తే చిన్నపిల్లల్లో అది సగం దాకా వెళ్లొచ్చు, మెదడు ఎదిగే వయసు కూడా అదే. ఇంకొక విషయం, ఒంట్లో ఐరన్ తక్కువైతే పేగులు ఐరన్‌ని పట్టుకునే దారిలోనే సీసాన్నీ కాడ్మియంనీ కూడా ఎక్కువగా లాక్కుంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

సీరియల్‌లో చూడాల్సినవి ముఖ్యంగా మూడు: ఇనార్గానిక్ ఆర్సెనిక్, సీసం, కాడ్మియం. పాదరసం ధాన్యాల్లో సాధారణంగా చాలా తక్కువ, దాని ప్రధాన దారి చేపలు, అందుకని ఇక్కడ వదిలేస్తున్నా.

ఆర్సెనిక్ విషయంలో బియ్యం గురించే ఎందుకు అంత మాట్లాడతారంటే, వరి మడిలో నీళ్లు నిలబడి ఉంటాయి, మట్టిలోకి గాలి ఆడదు, అప్పటిదాకా ఇనుము ఆక్సైడ్లకి అంటుకుని ఉన్న ఆర్సెనిక్ కరిగి నీళ్లలోకి వస్తుంది, వరి వేరు దాన్ని సిలికాన్ అనుకుని అదే దారిలో లోపలికి తీసుకుంటుంది. గింజలో అది తవుడు పొరలో ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి పాలిష్ పట్టని బ్రౌన్ రైస్‌లో తెల్ల బియ్యంకంటే ఎక్కువే ఉంటుంది, ఆరోగ్యానికి మంచిదని బ్రౌన్ రైస్ సీరియల్ కొనేవాళ్లకి ఇది తెలియదు. ఆర్గానిక్ అని రాసున్నా తేడా ఏమీ ఉండదు, వచ్చేది మట్టీ నీళ్ల నుంచే కదా. మరి మడిలో నీళ్లు తీసేస్తే సరిపోదా అంటే, ఆర్సెనిక్ తగ్గుతుంది కానీ గాలి ఆడిన మట్టిలో కాడ్మియం కదిలి గింజలోకి ఎక్కువ వస్తుంది. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెరుగుతుంది, అందుకే మూడిటినీ కలిపి చూడకుండా ఒక్క ఆర్సెనిక్ నంబర్‌తో సీరియల్‌కి మార్కులు వేయడం నాకు నచ్చదు.

సరే, పనిలోకి దిగుదాం. మొదట చేయాల్సింది తూకం. ఒక గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ వెయింగ్ మెషిన్ చాలు. మా పాప సీరియల్‌ని నేను మొదటిసారి తూచినప్పుడు డబ్బాలో వచ్చిన స్కూప్‌ని మామూలుగా మేం రోజూ తీసినట్టే నిండుగా తీసి గిన్నెలో వేస్తే 11 గ్రాములు చూపించింది, అదే స్కూప్‌ని కత్తి వీపుతో పైన సమంగా గీసేసి వేస్తే 8 గ్రాములు. అంటే అన్నాళ్లూ డబ్బా మీద రాసిన కొలత చూసి వేసుకున్న లెక్కంతా పావు వంతుకి పైగా తక్కువ. పైగా డబ్బా మీద రాసేది కంపెనీ అనుకున్న ఒక పూట కొలత, మీ పిల్ల తినేది మీ పిల్ల ఇష్టం. అందుకని మూడు నాలుగు రోజులు, ఒంట్లో బాగాలేని రోజు కాకుండా మామూలు రోజులు, వేసిన పొడిని తూచి రాసుకోండి, తినకుండా గిన్నెలో వదిలేసింది ఎంత భాగమో కూడా చూసి తీసేయండి. ఇక్కడ తప్పకుండా చూసుకోవాల్సింది ఏంటంటే, తూచాల్సింది పొడిని, కలిపిన జావని కాదు, రిపోర్ట్‌లో పీపీబీ పొడికి ఇచ్చి ఉంటే జావ బరువుతో గుణిస్తే జవాబు ఐదారు రెట్లు తప్పు వస్తుంది. కొన్ని రిపోర్టుల్లో తినడానికి కలిపాక ఎంత అని ఇస్తారు, ఏది ఇచ్చారో ముందు చదవాలి.

బరువు కూడా ఆ వారంలో తీసిందే వాడాలి, రెండు నెలల కిందట టీకాకి వెళ్లినప్పటిది కాదు.

రెండోది పీపీబీ నంబర్. ఇది కంపెనీ ఇచ్చిన టెస్ట్ రిజల్ట్ కావొచ్చు (అమెరికాలో కాలిఫోర్నియా చట్టం ప్రకారం బేబీ ఫుడ్ కంపెనీలు 2025 జనవరి నుంచి తమ రిజల్ట్స్ వెబ్‌సైట్‌లో పెట్టాలి), ప్రభుత్వ సర్వే కావొచ్చు, మీరే ల్యాబ్‌కి పంపించి తెప్పించుకున్నది కావొచ్చు. ఎక్కడిదైనా సరే, నమ్మే ముందు కొన్ని చూడాలి.

ఆర్సెనిక్ అని ఉంటే అది టోటల్ ఆర్సెనిక్కా ఇనార్గానిక్కా? ఎక్కువ హాని చేసేది ఇనార్గానిక్. బియ్యంలో దాంతోపాటు డీఎంఏ అనే ఆర్గానిక్ రూపం కూడా ఉంటుంది, రెండిటినీ కలిపి చూపించేది టోటల్. లోహాలు కొలిచే మామూలు ఐసీపీ-ఎంఎస్ మెషిన్ టోటల్‌నే చూపిస్తుంది, విడదీయాలంటే దాని ముందు హెచ్‌పీఎల్‌సీ అనే వేరుచేసే పరికరం పెట్టి స్పీసియేషన్ చేయాలి, అంటే ఏ రూపం ఎంతో విడివిడిగా కొలవాలి, దానికి ఖర్చు ఎక్కువ కాబట్టి చాలా రిపోర్టుల్లో టోటల్ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం ఇనార్గానిక్కే అనుకుని లెక్క వేయండి, జవాబు ఎక్కువ వైపు వస్తుంది కానీ అది పిల్ల పక్షాన వచ్చే తప్పు, అలా వేశానని పక్కన రాసుకోండి.

సీసం దగ్గర ఎన్‌డీ అని, అంటే ఏమీ దొరకలేదని రాసుంటే దాన్ని సున్నా అనుకోకండి, ఆ పక్కనే ల్యాబ్ ఎంతదాకా చూడగలదో, అంటే డిటెక్షన్ లిమిట్ ఎంతో వెతకండి. రోజుకి 30 గ్రాములు తినే పిల్ల ఉందనుకోండి. లిమిట్ 5 పీపీబీ అయితే దొరకలేదంటే మహా అయితే రోజుకి 0.15 మైక్రోగ్రాములు. అదే లిమిట్ 50 పీపీబీ ఉన్న ల్యాబ్ దొరకలేదు అంటే అది 1.5 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. సీసానికి పిల్లల విషయంలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న రిఫరెన్స్ లెవెలే రోజు మొత్తానికి, అన్ని తిండ్లూ కలిపి, 2.2 మైక్రోగ్రాములు. అంటే ఆ రెండో రిపోర్ట్ అసలు మీకేమీ చెప్పనట్టే, కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ పనిలో ఉన్నవాళ్లు దీనికోసమే లెక్కని రెండుసార్లు వేస్తారు, దొరకనివాటిని సున్నాగా పెట్టి ఒకసారి, లిమిట్ అంత ఉందనుకుని ఇంకోసారి, మొదటిది లోయర్ బౌండ్, రెండోది అప్పర్ బౌండ్. రెండిటి మధ్య దూరం బాగా ఎక్కువగా ఉంటే అక్కడ సమస్య సీరియల్‌ది కాదు, ల్యాబ్‌ది.

ల్యాబ్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తా, రిపోర్ట్ ఎంత నమ్మాలో అర్థమవుతుంది. డబ్బాలోంచి ఒక మూల తీసిన పొడి కాకుండా మొత్తం బాగా కలిపి, దాంట్లోంచి అర గ్రాము తీసి, నైట్రిక్ యాసిడ్‌తో మూతపెట్టిన గొట్టంలో మైక్రోవేవ్‌లో వేడి చేస్తారు, పొడి మొత్తం కరిగి నీళ్లలా తేలిపోతుంది, దాన్ని 50 మిల్లీలీటర్లకి పలుచన చేస్తారు. పొడిలో 10 పీపీబీ సీసం ఉంటే ఆ ద్రావణంలోకి వచ్చేసరికి 0.1 పీపీబీ అవుతుంది. అంత చిన్న మోతాదు దగ్గర సరిగ్గా కడగని గొట్టం, మామూలు గ్రేడ్ యాసిడ్, గదిలో దుమ్ము, ఏదైనా సరే పొడిలో లేని సీసాన్ని తెచ్చి పెట్టగలదు. అందుకే సీరియల్ లేకుండా ఖాళీ యాసిడ్‌ని కూడా అదే పద్ధతిలో నడిపిస్తారు, దాన్ని బ్లాంక్ అంటారు. ఆర్సెనిక్‌కి ఇంకో చిక్కు, మెషిన్ దేన్నైనా అణువు బరువుని బట్టే గుర్తుపడుతుంది, దాంట్లో వాడే ఆర్గాన్ వాయువు, శాంపిల్‌లోని క్లోరిన్ కలిసి సరిగ్గా 75 దగ్గరే కనిపిస్తాయి, ఆర్సెనిక్ బరువూ 75 కాబట్టి ఉప్పున్న పొడిలో లేని ఆర్సెనిక్ ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని హీలియం వాయువు నింపిన సెల్ పెట్టి తొలగిస్తారు. ఇక అన్నిటికంటే ముఖ్యం, ముందే విలువ తెలిసిన రిఫరెన్స్ మెటీరియల్‌ని మీ శాంపిల్‌తో పాటే నడిపారా లేదా, బియ్యప్పిండికి అమెరికా కొలతల ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల 1568బి లాంటివి ఉన్నాయి. బ్లాంక్ ఎంత, రిఫరెన్స్ ఎంత వచ్చింది అని ల్యాబ్‌ని అడగండి, చెప్పలేకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

ఒక్క డబ్బా రిజల్ట్‌తో బ్రాండ్ మొత్తానికి తీర్పు చెప్పకూడదు. పంట మారితే, బ్యాచ్ మారితే నంబర్ మారుతుంది. కనీసం మూడు వేరే వేరే బ్యాచ్‌లు, వీలైతే ఇంకా ఎక్కువ చూసి సగటూ రాసుకోండి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిందీ రాసుకోండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేద్దాం. ఇవి నేను లెక్క కోసం అనుకున్న నంబర్లే, ఏ బ్రాండ్‌వీ కావు. పిల్ల 8 కిలోలు. రోజుకి రైస్ సీరియల్ 30 గ్రాములు, అంటే 0.03 కిలో. ఇనార్గానిక్ ఆర్సెనిక్ 80, కాడ్మియం 20, సీసం 10 పీపీబీ.

ఆర్సెనిక్: 80 × 0.03 = రోజుకి 2.4 మైక్రోగ్రాములు, 8తో భాగిస్తే కిలోకి 0.3
కాడ్మియం: 20 × 0.03 = 0.6, కిలోకి 0.075, వారానికి 0.525
సీసం: 10 × 0.03 = 0.3, కిలోకి 0.0375

ఇక్కడితో ఆపేస్తే మాత్రం పెద్ద పొరపాటు, నీళ్లు మర్చిపోయారు. ఆ పొడి కలపడానికి 120 మిల్లీలీటర్ల నీళ్లు వాడారనుకోండి, తాగే నీళ్లలో ఆర్సెనిక్‌కి డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్ లీటరుకి 10 మైక్రోగ్రాములు, సరిగ్గా అంతే ఉన్న నీళ్లయితే అవి ఒక్కటే 1.2 మైక్రోగ్రాములు తెస్తాయి, సీరియల్ తెచ్చిన దాంట్లో సగం! బోరు నీళ్లు వాడేవాళ్లు సీరియల్ టెస్ట్ చేయించే ముందు నీళ్లు టెస్ట్ చేయించుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

వచ్చిన నంబర్లని దేంతో పోల్చాలి? ఇక్కడ రెండు రకాల కొలబద్దలు ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. ఒకటి ప్రభుత్వ సంస్థలు పెట్టిన పరిమితి, అది పొడికి. ఇన్‌ఫాంట్ రైస్ సీరియల్‌లో ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కి ఎఫ్‌డీఏ 2020లో ఖాయం చేసింది 100 పీపీబీ, పొడి సీరియల్‌లో సీసానికి 2025 జనవరిలో పెట్టింది 20 పీపీబీ. యూరప్‌లో ప్రాసెస్ చేసిన బేబీ సీరియల్స్‌కి సీసం 20, కాడ్మియం 40, పిల్లల ఆహారం తయారీకి వాడే బియ్యంలో ఇనార్గానిక్ ఆర్సెనిక్ 100. మన ఉదాహరణలోని సీరియల్ వీటన్నిటిలో పాస్ అయిపోతుంది. కానీ ఈ పరిమితులు పెట్టేటప్పుడు ఎంతవరకు తగ్గించడం కంపెనీలకి సాధ్యమో కూడా చూసి పెడతారు, పాస్ అయితే పిల్లకి ఏమీ కాదని కాదు దానర్థం.

రెండో కొలబద్ద ఆరోగ్యానిది, ఇది కిలో బరువుకి. కాడ్మియంకి ఈఎఫ్ఎస్ఏ చెప్పింది వారానికి కిలోకి 2.5 మైక్రోగ్రాములు, మనది 0.525, అంటే ఐదో వంతు దాటింది, ఒక్క సీరియల్ నుంచే. కాడ్మియం మూత్రపిండాల్లో పదేళ్లూ ఇరవయ్యేళ్లూ ఉండిపోతుంది కాబట్టి చిన్నప్పుడు తక్కువ పోగేసుకోవడమే మంచిది. సీసానికి సేఫ్ అనే లెవెలే లేదు, అందుకని మార్జిన్ ఆఫ్ ఎక్స్‌పోజర్ అని ఇంకో పద్ధతి వాడతారు, మెదడు ఎదుగుదల మీద ప్రభావం కనబడటం మొదలయ్యే మోతాదు, అంటే రోజుకి కిలోకి 0.5 మైక్రోగ్రాములని, మన 0.0375తో భాగిస్తే 13 వస్తుంది. 10 దాటితే చెప్పుకోదగ్గ ముప్పు లేదని ఈఎఫ్ఎస్ఏ లెక్క. రోజు లెక్కన చూసినా 2.2లో 0.3, ఏడో వంతు. ఇది సీరియల్ వరకే, మిగతా తిండి, నీళ్లు, ఇంట్లో పెచ్చులూడే పాత పెయింట్ దుమ్ము అన్నీ దీనిమీద కలుస్తాయని మర్చిపోకండి.

ఆర్సెనిక్ దగ్గరే మనసు కలుక్కుమంటుంది. మనకి వచ్చింది 0.3. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రిఫరెన్స్ డోస్ (రోజూ తీసుకున్నా హాని ఉండదని అనుకునే మోతాదు) చాలా ఏళ్లు సరిగ్గా 0.3 గానే ఉండేది, మన మోతాదుని దాంతో భాగిస్తే వచ్చే హజార్డ్ కోషెంట్ 1, అంటే గీత మీద నిలబడ్డట్టు. 2025 జనవరిలో వాళ్లు దాన్ని 0.06కి దించారు, అదే పిల్ల, అదే గిన్నె, ఇప్పుడు కోషెంట్ 5. ఈఎఫ్ఎస్ఏ కూడా 2024లో చర్మ క్యాన్సర్ ఆధారంగా 0.06నే తీసుకుంది, 2009లో అది 0.3 నుంచి 8 మధ్య అని ఉండేది. కాబట్టి పాత పేపర్లు చూసి కోషెంట్ 1 లోపే ఉందిలే అని రాసినవి చదివితే అది ఏ సంవత్సరపు డోస్‌తో వేశారో చూడండి. అలాగని 5 చూసి గుండెలు బాదుకోవక్కర్లేదు, ఈ డోస్‌లు ఏళ్ల తరబడి రోజూ తింటే అన్న ఆలోచనతో పెట్టినవి, మీ పిల్ల ఈ సీరియల్ తినేది కొన్ని నెలలు. కానీ ఆ కొన్ని నెలలూ మెదడు ఎదిగే నెలలే కాబట్టి ఏమీ కాదులే అని వదిలేయడానికీ నాకు మనసొప్పదు. తగ్గించగలిగినంత తగ్గించడమే దీనికి నేను చెప్పగలిగేది, తగ్గించడం అంత కష్టమేం కాదు కూడా.

ఎలాగో అదే లెక్కలో చూపిస్తా. రోజు విడిచి రోజు రైస్ బదులు ఓట్స్ సీరియల్ పెట్టారనుకుందాం, దాంట్లో ఇనార్గానిక్ ఆర్సెనిక్ 15, కాడ్మియం 30 అనుకుంటే, ఓట్స్ రోజున ఆర్సెనిక్ 0.45 మైక్రోగ్రాములు, రెండు రోజుల సగటు 1.4 చిల్లర, కిలోకి 0.18. అంటే 0.3 నుంచి 0.18కి దిగింది. కాడ్మియం వారానికి 0.525 నుంచి 0.66కి పెరిగింది, పరిమితిలో నాలుగో వంతు దాటింది. నన్నడిగితే ఈ బేరం లాభమే, కానీ మొత్తం ఓట్స్‌కే మారిపోకుండా బార్లీ, గోధుమ, మల్టీగ్రెయిన్ ఇలా తిప్పుతూ పెడితే ఏ ఒక్క లోహమూ మరీ ఎక్కువగా పేరుకోదు, పిల్లల డాక్టర్లు చెప్పేదీ అదే. రైస్‌తో చేసిన పఫ్స్, బిస్కెట్లు కూడా లెక్కలోకి తీసుకోండి, సీరియల్ మార్చి స్నాక్ రైస్‌దే పెడితే మార్చిన ఫలితం ఉండదు.

ఇంట్లో అన్నం మెత్తగా వండి పెట్టేవాళ్లయితే ఒకటికి ఆరు నుంచి పది వంతుల నీళ్లు పోసి వండి గంజి వార్చేస్తే ఇనార్గానిక్ ఆర్సెనిక్ సుమారు 40 నుంచి 60 శాతం పోతుంది, అయితే దాంతో కొన్ని విటమిన్లూ పోతాయి. ఇది డబ్బా పొడికి కుదరదు, వార్చడానికి ఏమీ ఉండదు, పొడిలో ఉన్నదంతా గిన్నెలోనే.

భయంతో సీరియల్ మొత్తం మానేసేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత పుట్టుకతో వచ్చిన ఐరన్ నిల్వలు అయిపోతూ ఉంటాయి, ఐరన్ కలిపిన సీరియల్ చాలామంది పిల్లలకి అప్పుడు ముఖ్యమైన ఆధారం, దాన్ని తీసేసి దాని బదులు ఇంకోటి పెట్టకపోతే ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గితే ఇందాక చెప్పుకున్నట్టు అదే పిల్ల సీసాన్నీ కాడ్మియంనీ ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ధాన్యం మార్చండి, ఐరన్ మాత్రం మానకండి. సీసం గురించి నిజంగా అనుమానం ఉంటే, ముఖ్యంగా పాత ఇల్లు, పాత పైపులు ఉన్నవాళ్లు, డాక్టర్‌ని అడిగి రక్తంలో లెడ్ టెస్ట్ చేయించండి, డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే అది ఎక్కడినుంచి వస్తోందో వెతకాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది.

ఇక ఈ లెక్క ఒకసారి వేసి పక్కన పడేసేది కాదు. పిల్ల బరువు పెరిగింది కదా, కిలోకి తగ్గుతుందిలే అనుకుంటాం, కానీ తిండీ పెరుగుతుంది. అదే సీరియల్ 50 గ్రాములు, పిల్ల 9.5 కిలోలు అయితే ఆర్సెనిక్ కిలోకి 0.42, తగ్గడం మాట అటుంచి పెరిగింది. నేనైతే కొత్త డబ్బా తెరిచిన రోజునే మూత మీద తేదీ, బ్యాచ్ నంబర్, ఆ వారం పాప బరువు, రోజుకి ఎన్ని గ్రాములు అని స్కెచ్ పెన్‌తో రాసేసేదాన్ని, డబ్బా అయిపోయాక మూత ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎప్పుడైనా ఆ బ్యాచ్ రిజల్ట్ బయటికి వచ్చినా రెండు నిమిషాల్లో లెక్క తేలిపోతుంది.